పొలిమేర కావలి



మా యింట దేవుని గూటిలో రామాయణ గ్రంథము క్రింద నొక కాగితము నాలుగు దినములుగా నున్నది. మా అమ్మాయి పదవ తరగతి ముగించినది. దూరపు పట్టణములోని యొక కళాశాలలో దానికి సీటు వచ్చినది. అక్కడి వసతిగృహములో నుండి చదువుకొనుటకు తల్లిదండ్రు లిరువురును ఆ కాగితముపై సంతకము చేయవలెను. మా వారు కాగితము వచ్చిన దినముననే చేసిరి. రెండవ గీత ఖాళీగా నున్నది. అది మాది.

ఎందుకు చేయలేదని మమ్ము ఇంతవరకు ఎవరును అడుగలేదు. మా వారు బడిపంతులు. పిల్లలు జవాబు చెప్పుటకు ఆలస్యము చేసినచో ఓపికతో వేచియుండుట వారికి అలవాటు. అమ్మాయి మాత్రము దినమునకు రెండు మూడు మారులు దేవుని గూటివైపు చూచి, ఏమియు ననక తన పనికి పోవుచున్నది.

ఈ నాలుగు దినములును మా మనస్సు ఒక కథ వెంట తిరిగినది. అది మన పురాణకథ కాదు. ఒక ఇంగ్లీషు ఆచార్యుడు కల్పించిన కథ. కల్పితకథకును కళాశాల కాగితమునకును సంబంధమేమని మీరు నవ్వవచ్చును. కొంచెము ఓపికతో వినుడు. మాబోటి తల్లులు మీలో ననేకు లుందురు గనుక మీతో చెప్పుకొనుచున్నాము.

పోయిన వర్షకాలమున అమ్మాయికి వక్తృత్వపు పోటీలో ఆ గ్రంథము బహుమానముగా వచ్చినది. మాకు ఇంగ్లీషు అక్షరములు తెలియును గాని అంతటి గ్రంథము చదువు శక్తి లేదు. కావున రాత్రి భోజనములైన పిమ్మట మా వారు కొన్ని పుటలు చదివి తెలుగున చెప్పుచుండగా, మేము మరునాటికి చిక్కుడుకాయలు వలుచుకొనుచు వింటిమి. కరెంటు పోయిన రాత్రులలో లాంతరు ముందు పెట్టుకొని వింటిమి. కథ ముగియుసరికి సంక్రాంతి వచ్చినది.

దానిని వ్రాసినవారు జె. ఆర్. ఆర్. టోల్కీన్ అను ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యులు. 1937లో వారు 'ది హాబిట్' అను కథను ప్రకటించిరి. దానికి తరువాయిగా మొదలిడిన పెద్దకథ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటములుగా 1954, 1955 సంవత్సరములలో వెలువడెను. అందు షైర్ అను సీమ యొకటి కలదు. తూర్పు పడమరలు సుమారు 120 మైళ్లు, ఉత్తర దక్షిణములు సుమారు 150 మైళ్లు. పచ్చని చేలు, ఏరులు, మరలు, తోటలు. అందుండువారు హాబిట్లు అను పొట్టివారు. గుట్టలను తొలిచి, గుండ్రని తలుపులు పెట్టి ఇండ్లు కట్టుకొందురు. పాదరక్షలు తొడుగరు. దొరికినచో దినమునకు ఆరుమారులు భుజింతురు. పుట్టినరోజు వచ్చినచో తాము బహుమతులు పుచ్చుకొనుటకు మారుగా ఇతరులకు పంచిపెట్టుదురు. పనికిరానివి, పారవేయుటకు మనసొప్పనివి ఇల్లు నిండి, ఆ వస్తువులే బహుమతులై ఇంటింట తిరుగుచుండును. ఈ మాట విన్నప్పుడు మేము మా అటకవైపు చూచి నవ్వుకొంటిమి. అక్కడను మూడు పెండ్లిండ్లు తిరిగివచ్చిన స్టీలు డబ్బాలు కలవు.

ఆ సీమ మొత్తమునకు లోపలి కావలివారు పన్నెండుగురు మాత్రమే. వారికిని మనుష్యులకంటె తప్పిపోయిన పశువులను వెదకుటయే ఎక్కువ పని. బయటి ప్రపంచమునుగూర్చి అక్కడ నెవరును మాటాడరు. నది యావల నుండువారు పడవ లెక్కుదురు గనుక వింతవారని చెప్పుకొందురు. ఊరు దాటి పోయివచ్చినవానికి మతి చలించినదని అనుకొందురు. మంచివారు, కష్టపడువారు, అతిథులను ఆదరించువారు. కాని లోకము తమ పొలిమేరతో ముగియునని నమ్మినవారు.

ఇది వినుచుండగా మాకు మేము పెరిగిన యిల్లు కనులకు గట్టినది.

అది కాలువగట్టు మీది చిన్న అగ్రహారము. మా తాతగారు సంస్కృతాంధ్రములలో పండితులు. మేము బడికి పోయినది ఐదవ తరగతివరకే. అటుపైని ఉన్నత పాఠశాల నాలుగు మైళ్ల దూరమున నుండెను. "ఆడపిల్ల ఆ దుమ్ములో పోయి నేర్చుకొనునది నా అరుగు మీద లేదా?" అని తాతగారు మమ్ము మాన్పించిరి. ఉదయము అమరకోశము, మధ్యాహ్నము రఘువంశము, సాయంకాలము ఆంధ్రమహాభారతము. ఆ చదువును మేము నిందింపము. నేటికిని పొయ్యి ముందర కూర్చున్నప్పుడు మాకు తోడు వచ్చునది ఆ పద్యములే. ఆ యింట మాకు లోటు తెలియదు. పాలు వేళకు వచ్చెడివి, బియ్యము నిండుగా నుండెడివి, దీపము వెలిగెడిది. ఇవి యెట్లు వచ్చుచున్నవని మేమెన్నడును అడుగలేదు. కోవెలలో గంట మ్రోగినట్లు వాటంతట అవియే జరుగునని తలచితిమి.

ఒకనాటి రాత్రి అమ్మాయియే ఆ ప్రశ్న వేసినది. "నాన్నా, చుట్టూ అన్ని దుర్మార్గపు రాజ్యాలుంటే, ఈ షైర్ మీదికి ఇన్నాళ్లూ ఎవరూ రాలేదేం?"

మా వారు పుటలు త్రిప్పి చెప్పిరి. పూర్వమొక రాజు ఆ సీమను హాబిట్ల కిచ్చెను. పన్నుగా అడిగినది స్వల్పము: పెద్ద వంతెనను, బాటలను బాగుచేయుచుండవలెను, రాజదూతలకు త్రోవ నీయవలెను, రాజును రాజుగా నెరుగవలెను. కాలక్రమమున ఆ రాజ్యము నశించెను. కాని ఆ రాజవంశీయులు కొందరు రేంజర్లను పేర అడవులలో తిరుగుచు, ఆ సీమ పొలిమేరలను రాత్రింబవళ్లు కాచుచునే యుండిరి. హాబిట్లకు ఆ సంగతి తెలియదు. తమ శాంతి తమ మంచితనముచేత కలిగినదని, అది లోకధర్మమని అనుకొనిరి. ఆ కావలివారి నాయకుడు ఆరగార్న్. పక్క ఊరి సత్రపు యజమాని అతని మాసిన బట్టలను, పొడుగు కాళ్లను చూచి, అంగలవాడని అర్థము వచ్చునట్లు స్ట్రైడర్ అని పేరు పెట్టెను. ఒక్కదినపు నడకలో నున్న శత్రువులను ఆ రక్షకుడు ఆపనిచో తన సత్రము బూడిద యగునని ఆ యజమాని యెరుగడు. ఆరగార్న్ మాత్రము, అమాయకులు నిశ్చింతగా నుండవలెననిన మేము మరుగున నుండవలసినదేయని తలచి సహించెను.

మేము చిక్కుడుకాయలు వలుచుట మానితిమి. మాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది.

ఆమె ఇరువదిరెండవ యేట భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చినది. మా తండ్రిగారు పొరుగు జిల్లాలో చిన్న ఉద్యోగములో నుండిరి. తాతగారు గ్రంథము విడిచి లేచువారు కారు. మా తల్లికి వంటయింటితోనే ప్రొద్దు సరిపోయెడిది. రేషను దుకాణమునకు, మండల కార్యాలయమునకు, కౌలుదారు నింటికి, ఎరువుల కొట్టునకు పోయినది ఆమెయే. గట్టు తగవు వచ్చినప్పుడు మూడేండ్లు తిరిగినది ఆమెయే. ఎండలో నల్లబడి, పాదములు పగిలి, గొంతు పెద్దదై యింటికి వచ్చెడిది. పిల్లలము మేము ఆమె మాటతీరును అనుకరించి నవ్వెడివారము. కాళ్లు కడుగుకొనక అరుగెక్కవలదని మేమే యొకమారు ఆమెతో అంటిమి. "అలాగేనే అమ్మా" అని ఆమె నూతివద్దకు పోయినది.

మా అగ్రహారమునకు రేంజరు ఆమె. ఆ మాట మాకు తెలియుటకు ముప్పది యారేండ్లు పట్టినది.

కొంత తెలిసిన సందర్భము అంతకుముందే యొకటి జరిగినది. పందొమ్మిదవ యేట మాకు వివాహమైనది. కాపురమునకు వచ్చిన రెండవ నెలలో మా వారికి విషజ్వరము వచ్చినది. మందులకై బ్యాంకునుండి సొమ్ము తేవలసివచ్చెను. వారు చీటీపై సంతకము మాత్రము పెట్టి యిచ్చిరి. బ్యాంకులో ఆ చీటీ పట్టుకొని మేము అరగంట నిలిచితిమి. సముద్రమునకు అమరకోశములోని పేర్లన్నియు వరుసగా చెప్పగలిగిన మాకు, ఖాతా సంఖ్య యను గడిలో నేమి వ్రాయవలెనో తెలియకపోయెను. వరుసలోని యొక పాలవాడు జాలిపడి వ్రాసిపెట్టెను. ఇంటికి వచ్చి తలుపు వేసికొని ఏడ్చితిమి. వారము దినములకు మమ్ము చూడవచ్చిన మేనత్త ఆ సంగతి విని, "సిగ్గెందుకే పిచ్చిదానా? నేర్పనిది ఎలా వస్తుంది? రేపు నేనూ వస్తాను. రాసేది మాత్రం నువ్వే" అన్నది. మరునాడు మా వెనుక నిలుచుండి, రెండు చీటీలు పాడైనను నోరు మెదపక, మూడవదానిని మా చేతనే పూర్తి చేయించినది.

ఇక కథకు వత్తము. బయటి గాలి సోకని చోటులనుగూర్చి పలువురు కథలు కల్పించిరి. జేమ్స్ హిల్టన్ అను ఇంగ్లీషు రచయిత 1933లో 'లాస్ట్ హొరైజన్' అను నవలలో షాంగ్రీలా అను లోయను సృష్టించెను. మంచుకొండల నడుమ నొక మఠము. అక్కడివారికి ముసలితనము మిక్కిలి మెల్లగా వచ్చును. లోకము యుద్ధములచే నాశనమైనను గ్రంథములును కళలును అక్కడ భద్రముగా నుండును. విన్నంతసేపు స్వర్గమే. కాని అచ్చటికి వచ్చినవారిని వెడలనీయరు. చూచుటకు పడుచుగా నుండు లో-త్సెన్ అను స్త్రీ ఆ లోయ దాటి పోగా, తుదకు పండు ముసలిదై కనబడును. ఆ చోటు ఆమెకు వయస్సు నీయలేదు. రావలసినదానిని ఆపి యుంచినది. దాటగానే అంతయు నొక్కసారి మీదబడినది. ఆ ఘట్టము వినిన రాత్రి మాకు బ్యాంకులోని అరగంట జ్ఞప్తికి వచ్చినది.

మన రామాయణములోను ఋష్యశృంగుని కథ కలదు గదా. విభాండకమహర్షి తన కుమారుని అడవిలో పరుల పొడ గిట్టకుండ పెంచెను. ఆ బాలుడు తండ్రిని తప్ప మరి మనుష్యుని ఎరుగడు. అందుచేతనే, తండ్రి లేని వేళ వేశ్యలు వచ్చి తినుబండారములిచ్చి పిలువగానే వారి వెంట పోయెను. మంచిచెడ్డలు తెలియనివానికి కంచె యెంతమాత్రము సాయపడును? చిన్ననాడు మేము ఆ కథను ఇంతవరకే యోచించితిమి. ఇప్పుడు రెండవ సగము కనబడుచున్నది. అతడు అంగదేశమున కాలు మోపగానే, కరవుతో మాడుచున్న ఆ నేలమీద వాన కురిసెను. అడవిలో దాచియుంచిన ఆ తపస్సు బయటి లోకమునకు కావలసియుండెను.

షైర్ కథలోని చివరి భాగము మమ్ము మిక్కిలి కలతపెట్టినది. ఫ్రోడో, సామ్, మెర్రీ, పిపిన్ అను నలుగురు హాబిట్లు ఘోరమైన యుంగరమును నాశనము చేయుటకై లోకములోనికి పోయి, ఎన్నో బాధలుపడి, పని ముగించుకొని యింటికి మరలివత్తురు. ఇంటివద్ద వంతెనకు గేటులు, గోడలకు శాసనములు. సత్రములు మూతపడినవి. చెట్లు నరికినారు. ఏటినీరు మురికియైనది. అందరికి సమముగా పంచుదుమని ధాన్యము సేకరించి బండ్లలో తరలించుచున్నారు. ఇంత పని చేసినది శత్రుసైన్య మనుకొనెదరా? మొదట దానికి తలుపు తీసినవాడు ఆ యూరివాడే. లోథో అను ఆసాపరుడు భూములన్నియు కొని, పంటను రహస్యముగా దక్షిణమునకు అమ్మి, ఆ సొమ్ముతో బయటినుండి రౌడీలను తెచ్చికొని పెద్దయై కూర్చుండెను. పిమ్మట సరుమాన్ అను మాంత్రికుడు వచ్చి, వానినే త్రోసివేసి గద్దె నెక్కెను.

ఊరివారు లొంగిపోయిరి. పిరికివారగుటచేత కాదు, చెడుగును ఎన్నడును చూడనివారగుటచేత, అది వచ్చినప్పుడు దానిని దాని పేరుతో పిలువలేకపోయిరి. ఈ శాసనము నేడో రేపో తొలగునని అనుకొనిరి. వారిని మేల్కొలిపినది బయటికి పోయివచ్చిన ఆ నలుగురు. పెద్దదిక్కగు గాండాల్ఫ్ అను మాంత్రికుడు వారిని పొలిమేరదాక దిగబెట్టి, నా సాయము మీకిక అక్కరలేదని చెప్పి మరలిపోవును. మెర్రీ కొమ్ము ఊదగా ఊరెల్ల లేచినది. ఆ పోరులో పంతొమ్మిదిమంది హాబిట్లు మరణించిరి. పోరాడినవారి పేర్లన్నియు నొక పట్టికగా వ్రాసి, ఆ సీమ చరిత్రకారులు కంఠస్థము చేసిరని కథ.

ఇందులో నొక ముసలామె కలదు. లోబీలియా ఆమె పేరు. ఆ లోథోకు తల్లి. నూరేండ్లు దాటిన ఆమెను, నోటిదురుసని, దురాశాపరురాలని ఊరివారెవరును మెచ్చుకొనరు. మొదటినుండి మేమును ఆమెను చూచి నవ్వుకొంటిమి. కాని రౌడీలు వచ్చినప్పుడు, పెద్దపెద్ద మగవారు తలవంచుకొన్నచోట, ఆమె తన గొడుగెత్తి వారిమీదికి పోయినది! వారామెను చెరలో పెట్టిరి. విడుదలయైన దినమున చిక్కి శల్యమై, ఆ గొడుగు విడువక ఫ్రోడో చేతిని ఆనుకొని బయటికి రాగా, జనము ఆనందముతో కేకలు వేసిరి. అంతటి ఆదర మామె జన్మలో ఎరుగదు. కంట నీరు పెట్టుకొన్నది. కొడుకు హతుడైన సంగతి విని, మరుసటి వసంతమున తాను కన్నుమూయుచు, తన ధనమును ఇండ్లు కోల్పోయినవారికై విడిచిపోయినది. గట్టిగొంతు గల ఆడుదానిని చూచి నవ్వు అలవాటు ఆ రాత్రితో మాకు పోయినది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి, ఐనచో అమ్మాయిని పంపుటకు అడ్డమేమని మీ రడుగుదురు. అడ్డము ఫ్రోడో. ఆ నలుగురిలో ముగ్గురు మరల సంతోషముగా జీవించిరి. సామ్ తోట నాటెను, పెండ్లాడెను, పిల్లలను కనెను. ఫ్రోడో మాత్రము కోలుకొనలేదు. ఏటేట పాతగాయము తిరుగబెట్టును. తాను కాపాడిన సీమలో తనకు చోటు లేదని యెరిగి, తుదకు ఓడ యెక్కి శాశ్వతముగా వెడలిపోవును. ఆ పుటలు చదువునప్పుడు మా వారి గొంతు బొంగురుపోయినది. "బయటికి పోయినవాళ్లంతా బాగుపడి వస్తారని ఈయన అబద్ధం చెప్పలేదు" అని గ్రంథము మూసిరి.

ఆయనకు అట్లు చెప్పుటకు కారణము కలదు. టోల్కీన్ 1892లో దక్షిణాఫ్రికాలో జన్మించెను. నాలుగేండ్ల వయస్సున తండ్రి పోగా, తల్లి ఆ బాలుని బర్మింగ్‌హామ్ దగ్గరి సేర్‌హోల్ అను పల్లెలో నుంచి, ఇంటివద్ద తానే చదువు చెప్పెను. షైర్‌లోని పచ్చదనము ఆ పల్లెదే. పన్నెండేండ్లకు ఆ తల్లియు పోయెను. ఎదిగి 1916లో సోమ్ యుద్ధములో కందకములలో నుండెను. 1918 నాటికి ఆయన ఆప్తమిత్రులలో నొక్కరు తప్ప అందరును మరణించిరి. ఇంటివద్ద తల్లి చేత చదివింపబడిన బాలుడు ఎంతటి లోకములోనికి పోయెనో చూడుడు. తల్లి యొడిలో నేర్చిన భాషలమీది ప్రేమయే ఆయనకు జీవితాంతము ఆధారమైనదనుటయు నిజము.

కావున మా భయము వట్టి భయము కాదని మనవి చేయుచున్నాము. పట్టణములో జ్వరము వచ్చినచో నుదుట చేయి వేయువా రెవరు? మాట పడినచో చెప్పుకొనునది ఎవరితో? నిన్నటి సాయంకాలము మా వారితో, "వెళ్లి అది మారిపోతే?" అని యడిగితిమి. వారు కొంతసేపు ఊరకుండి, "మారుతుంది. నువ్వు మారలేదూ? మూడో చీటీ రాసిన రోజునే మారావు" అనిరి.

రాత్రి అమ్మాయి ఆ గ్రంథపు కడపటి సంపుటము తెచ్చి మా యొడిలో పెట్టినది. కథ ముగిసిన పిమ్మట అనుబంధములని కొన్ని పుటలు కలవు, సంవత్సరముల పట్టిక. వాటిని మేము వినలేదు. అది వ్రేలు పెట్టి చదివి తెలుగున చెప్పినది. ఆరగార్న్ రాజైన పిదప, పెద్దజాతి మనుష్యు లెవ్వరును షైర్‌లో ప్రవేశింపరాదని శాసనము చేసెను. కొన్నియేండ్లకు తాను ఉత్తరదేశమునకు వచ్చినప్పుడు, తన శాసనమును తానును మన్నించి, వంతెనవద్దనే ఆగి మిత్రులను పలుకరించెను. ఆ సందర్భముననే సామ్ పెద్దకూతురు ఎలనార్ రాణిగారికి చెలికత్తెగా నియమింపబడెను. షైర్‌కు కావలి మరల ఏర్పడినది. కాని ఈమారు లోపలివారికి తమ కావలి ఎవరో తెలియును, లోపలినుండి ఆడపిల్ల బయటికి పోవుటకు వంతెన తెరచియున్నది.

"అమ్మా, ఎలనార్ పుట్టింది 1421. రాజు వచ్చింది 1436. లెక్క వెయ్యి" అన్నది.

వేసితిమి. పదునైదేండ్లు. అమ్మాయి వయస్సు.

"వాళ్లమ్మ ఏమందో ఇందులో రాయలేదే" అంటిమి.

"రాయకపోతే పోనీ. నువ్వు చెప్పు" అని పోయి పడుకొన్నది.

మాకు నిద్ర రాలేదు. లేచి మేనత్త పెట్టె తీసితిమి. ఆమె పోయి మూడేండ్లైనది. ఆ రేకుపెట్టె మా వాటాకు వచ్చినది. అందులో దారముతో కట్టిన కట్టలు: నీటితీరువా రసీదులు, బస్సు టిక్కెట్లు, పాల లెక్కలు, రిజిస్టరు ఉత్తరముల చీటీలు. మేము చదివిన ఒక్కొక్క సర్గకు వెనుక నొక రసీదు కలదు. ఇదివరలో ఈ కట్టలు చూచితిమి గాని విప్పలేదు. రాత్రి విప్పితిమి. అడుగు కట్టలో నాలుగు మడతలు పెట్టిన పాత కాగితము. ఉన్నత పాఠశాలలో ఆరవ తరగతిలో చేర్చుకొనుటకు దరఖాస్తు. పేరు మాది. వంకరటింకర అక్షరములు మేనత్తవి. ఊరు, వయస్సు, చదివిన తరగతి అన్నియు నింపినది. పెద్దల సంతకమను చోటు మాత్రము ఖాళీగా నున్నది.

ఆమె తాతగారి నడిగియుండును. ఆయన కాదనియుందురు. ఆ తగవు మాకు వినబడలేదు. మేము అరుగుమీద రఘువంశము వల్లించుచుంటిమి. తరువాత ఇరువదియేండ్లకు పైగా ఆమె ఆ మాట మాతో ననలేదు, కాగితమును పారవేయలేదు. తాతగారు దుర్మార్గులు కారు. మమ్ము ప్రాణముగా చూచుకొనిరి. ఆ ప్రేమకు తన అరుగు దాటిన లోకముమీద నమ్మకము లేకపోయినది, అంతే. నాలుగు దినములుగా మేము చేయుచున్నదియు అదియే గదా.

కిష్కింధాకాండలో స్వయంప్రభ కథ మీరెరుగుదురు. సీతాదేవిని వెదకుచు ఆకలిదప్పులతో హనుమదాదులు చీకటి బిలములో ప్రవేశింతురు. లోపల బంగారు వృక్షములు, మధురఫలములు, నిర్మలజలములు. ఆ బిలమును కాచుచున్న తాపసి స్వయంప్రభ వారికి కడుపునిండ పెట్టును. కాని ఆ చల్లని చోటనే సుగ్రీవుడిచ్చిన గడువు దాటిపోయినది. లోనికి వచ్చినవారు ప్రాణములతో బయటికి పోవుట దుష్కరమని యెరిగియు, ఆమె వారిని ఉంచుకొనలేదు. కన్నులు మూసికొనుడని చెప్పి, తన తపోబలముచేత క్షణములో బయట నిలిపి, శుభము పలికి, తాను మరల లోనికి పోయెను. బయట సముద్రము ఘోషించుచుండెను. వారు చేయవలసిన పని ఆ యావల నుండెను.

చిన్ననాడు ఈ కథలో మాకు నచ్చినది బంగారు చెట్లు. ఇప్పుడు నచ్చుచున్నది తలుపువద్ద నిలిచిన ఆ స్త్రీ. అన్నము పెట్టుట ఎరిగినది, త్రోవ చూపుటయు ఎరిగినది. మన యిండ్లు చల్లని బిలములుగా నుండుటలో దోషము లేదు. బిడ్డకు ఆకలి తీరువరకు అవి కావలెను. ఆ చల్లదనమునకు ఎవరు ఎండలో నడచుచున్నారో బిడ్డకు చెప్పవలెను. గడువు వచ్చినప్పుడు మనమే తలుపు తీయవలెను.

తెల్లవారినది. దేవుని గూటిలోని కాగితము తీసి సంతకము చేసితిమి. చేయి కొంచెము వణకినది, అక్షరములు వంకరగా వచ్చినవి; మేనత్త అక్షరములవలె నున్నవి. ఆమె నింపిన పాత దరఖాస్తును అమ్మాయి పెట్టెలో బట్టల అడుగున పెట్టితిమి. దానితోపాటు బ్యాంకు చీటీలు రెండు ఖాళీవి ఉంచితిమి. నేటి పిల్లలకు అవి యక్కరలేదట; చేతిలోని ఫోనుతోనే సొమ్ము పంపుకొందురట. అయినను ఈ మధ్యాహ్నము దానిని కూర్చుండబెట్టి ఒకటి నింపించెదము. పాడైనచో రెండవది కలదు. మేము వెనుక నిలుచుందుము. వ్రాయునది మాత్రము అదియే.